బయానా ఇచ్చే ముందు దూలంలో చెదలు కనిపించాయి: ఈ ఇల్లు కొనవచ్చా?

గోదావరి గట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. రాజమహేంద్రవరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక గ్రామంలో పాత మండువా లోగిలి కొనాలని మూడు నెలలుగా మాట్లాడుతున్నాము. 1958లో కట్టిన ఇల్లని అమ్మేవారు చెబుతున్నారు. ముందు భాగమంతా పెంకుల కప్పు. వెనుక రెండు గదులకు మాత్రం టేకు దూలాల మీద టేకు పట్టెలు పరచి, వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నంతో గచ్చు చేసిన మిద్దె. ధర దగ్గర మాట కుదిరింది, కాగితాలు వకీలుకు చూపించాము, ఈసీలో (ఆస్తి మీద ఉన్న తాకట్టులూ లావాదేవీలూ చూపే పత్రంలో) కూడా ఏ చిక్కూ లేదు. వచ్చే వారం బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుందామని అనుకుంటూ, గత ఆదివారం మా బావమరిదిని తోడు తీసుకుని ఇల్లు మరోసారి చూసి వద్దామని వెళ్ళాను.

వెనుక పెద్దగదిలో నైరుతి మూలన గోడకు ఒక క్యాలెండరు వేలాడుతోంది. ఫ్యాను గాలికి అది పక్కకు జరిగినప్పుడు దాని వెనుక పెన్సిలు మందాన ఒక మట్టి గీత కనిపించింది. నేలకూ గోడకూ మధ్య ఉన్న పగులులో మొదలై, వంకరటింకరగా పైకి పాకి, దూలం గోడలోకి దిగే చోట మాయమైంది. నిచ్చెన వేసుకుని మా బావమరిది దూలం చివరను స్క్రూడ్రైవరుతో నొక్కితే, పైకి నున్నగా రంగు వేసి ఉన్న ఆ చెక్కలోకి అది రెండంగుళాలు దిగిపోయింది. ఊడివచ్చిన ముక్క లోపల పాత పుస్తకం కాగితాల్లాగా పొరలు పొరలుగా ఉంది, పొరల మధ్య ఎండిన మట్టి ఉంది. పురుగులు మాత్రం కనిపించలేదు. వంటింటి ద్వారబంధం అడుగున మూరెడు మేర కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు, వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తోంది. గోడ బీరువా అరల అంచుల్లో గుండుసూది తల అంత రంధ్రాలు ఉన్నాయి, వాటి కింద మైదాపిండి లాంటి పొడి రాలి ఉంది. పెరట్లో వెనుక గోడకు ఎనిమిది అడుగుల దూరంలో వాడుకలో ఉన్న నుయ్యి, అదే గోడకు ఆనించి పేర్చిన కట్టెల మోపులు కూడా ఉన్నాయి.

అమ్మేవారిని అడిగితే, పాత ఇళ్ళలో చెదలు మామూలేననీ, రిజిస్ట్రేషనుకు ముందు మందు కొట్టించి ఇస్తామనీ అన్నారు. మేము ఫోను చేసిన ఒక కంపెనీవారు ఉదయం వచ్చి భోజనాల వేళకు పని ముగించి ఐదేళ్ళ గ్యారంటీ ఇస్తామని చెప్పారు. నా సందేహాలు ఇవి. ఈ ఇల్లు బాగుచేసుకోదగినదేనా, లేక వదులుకోవడమే మంచిదా? మందు అమ్మేవారి చేత కొట్టించుకోవాలా, ధర తగ్గించమని అడిగి మేమే చేయించుకోవాలా? ఈ సంగతి అగ్రిమెంటులో రాయించుకోవలసిన అవసరం ఉంటుందా? ఇంటి మీద మా అమ్మగారికి చాలా మనసుంది, అందుకే తొందరపడి కాదనలేకపోతున్నాను.

పాత మిద్దెలు:

నేను భవన నిర్మాణ ఇంజనీరుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. మీ వర్ణన చదివితే వదులుకోవలసిన ఇల్లులా నాకు అనిపించడం లేదు. అయితే ఈ వారం బయానా ఇవ్వవద్దు. మీరు చూసినవాటిలో దూలానికీ ద్వారబంధానికీ పట్టినవి చెదలు. బీరువాలోది వేరే పురుగు. దాని గురించి వడ్రంగం తెలిసినవారు చెబితే బాగుంటుంది. నేను చెదల వరకే రాస్తాను.

మన ప్రాంతపు ఇళ్ళను పాడుచేసే చెదలు నేలలో కాపురం ఉండేవి. దూలం వాటికి తిండి దొరికే చోటు మాత్రమే. ఆరుబయట గాలి తగిలితే వాటి ఒళ్ళు ఎండిపోతుంది కాబట్టి, నేల నుంచి చెక్క దాకా మట్టితో గొట్టం కట్టుకుని అందులో తిరుగుతాయి. దూలం మీద ఎంత మందు చల్లినా ఆ పూటకు అక్కడున్న కొన్ని చస్తాయే తప్ప, కింద నేలలో ఉన్న గూడుకు ఏమీ కాదు. అమ్మేవారు కొట్టించి ఇస్తామన్న మందు ఇలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం. అంతకంటే చెడ్డ సంగతి ఏమిటంటే, ఆ చల్లడం వల్ల గొట్టాలు రాలిపోయి, అవి ఎక్కడి నుంచి ఎక్కుతున్నాయో చెప్పే జాడలు కూడా పోతాయి. అందుచేత పరీక్ష పూర్తయ్యేవరకు ఎవరూ ఏ మందూ చల్లకుండా చూసుకోండి.

ముందు అవి ఇంకా అక్కడ తిరుగుతున్నాయో లేదో తేల్చుకోవాలి. ఆ మట్టి గొట్టాన్ని మధ్యలో ఒక అంగుళం మేర మాత్రమే తుంచి, పక్కన గోడ మీద పెన్సిలుతో తేదీ రాయండి. నాలుగైదు రోజుల తర్వాత వెళ్ళి చూసినప్పుడు తుంచిన చోట కొత్త మట్టి కనిపిస్తే రాకపోకలు సాగుతున్నట్టే. పూడ్చకపోయినంత మాత్రాన గూడు పోయిందని అనుకోకండి, దారి మార్చి ఉండవచ్చు. అదే రోజు మిద్దె ఎక్కి, ఆ నైరుతి మూలకు సరిగ్గా పైన వాననీరు బయటికి పోయే తూము ఉందేమో చూడండి. ఇలాంటి మిద్దెల్లో దూలం చివర చెడిందంటే, పదిసార్లలో ఎనిమిది సార్లు పైన ఆకులతో మూసుకుపోయిన తూమో, గచ్చులో పగులో నాకు కనిపించేది. ముందు నీరు గోడలోకి దిగుతుంది, చెక్క మెత్తబడుతుంది, ఆ తర్వాతే చెదలు వస్తాయి. ఆ నీటిని ఆపకుండా ఎంత ఖరీదైన మందు పోయించినా డబ్బు దండగే.

ఇక దూలం బలం. లోతు పది అంగుళాలున్న దూలాన్ని పైనా కిందా ఒక్కో అంగుళం తినేశాయనుకోండి. చూడటానికి పోయింది ఐదో వంతే అయినా, బలం లోతు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వంపును తట్టుకునే శక్తిలో మిగిలేది 64 శాతమే. ఇది నడుమ భాగానికి సంబంధించిన లెక్క. గోడలోకి దిగే చివర్లో మాత్రం, గట్టి చెక్క గోడ మీద ఎంత మేర ఆనుతోందన్నదే ముఖ్యం. నాలుగు మిల్లీమీటర్ల బిట్టుతో గోడ దగ్గర మొదలుపెట్టి అరడుగుకు ఒకటి చొప్పున ఇవతలికి రంధ్రాలు వేయించండి. మంచి టేకులో బిట్టు ఒకే బిగువుతో నడుస్తూ నూనె వాసన వేసే పొట్టు తోడుతుంది, గుల్ల తగిలిన చోట ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. ఈలోగా అమ్మేవారి అనుమతితో ఆ దూలం కింద గోడకు దగ్గరగా ఒక గట్టి సరుగుడు బాదును గాని, ఇనుప జాకీని గాని నిలబెట్టించండి. మిద్దె మీద సున్నం గచ్చు బరువు తక్కువేమీ కాదు.

భోజనాల వేళకు ముగిస్తామన్న కంపెనీ సంగతి చెబుతాను, ఇది చాలామంది మోసపోయే చోటు. ఉన్న ఇళ్ళకు చెదల మందు వేయడానికి ఐఎస్ 6313 మూడవ భాగం అని మన దేశపు ప్రమాణం ఒకటి ఉంది. దాని ప్రకారం గదిలో నేలా గోడా కలిసే అంచు వెంట 300 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున, 12 మిల్లీమీటర్ల వెడల్పున, గచ్చు దాటి కింది మట్టిని తాకేలా రంధ్రాలు వేసి, ఒక్కొక్కదానిలో ఇక పీల్చుకోనంత వరకు, గరిష్ఠంగా ఒక లీటరు ద్రావణాన్ని ఎక్కించాలి. మీ గది 12 అడుగులకు 15 అడుగులని అనుకుందాము. చుట్టుకొలత 54 అడుగులు, అంటే పదహారున్నర మీటర్లు. సుమారు 55 రంధ్రాలు, 55 లీటర్లు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందును లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలుపుతారు కాబట్టి ఆ ఒక్క గదికే 115 మిల్లీలీటర్ల మందు కావాలి. అలాంటి గదులు ఐదుంటే 275 లీటర్ల ద్రావణం, అరలీటరుకు పైగా మందు. ఇది లోపలి లెక్కే, బయట గోడ వెంట నేలకు పోయవలసింది వేరు. పదహారు లీటర్ల స్ప్రేయరు ఒకటి భుజాన వేసుకుని వచ్చినవారు ఇదంతా భోజనాల వేళకు ఎలా ముగిస్తారో మీరే అడగండి. మందు సీసా సీలు మీ ఎదుట విప్పమనండి, దాని మీద ఉన్న పేరునూ తేదీనీ ఫోటో తీసుకోండి. ఈ పని చేసే కంపెనీకి 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. దాని నకలు ఇవ్వడానికి వెనకాడేవారిని పిలవకండి.

నుయ్యి ఉందని మీరు రాయడం మంచిదైంది. ఎనిమిది అడుగుల దూరమంటే చాలా దగ్గర. పాత రాతి పునాదుల్లో సందులు ఎక్కువగా ఉంటాయి, పోసిన మందు మట్టిలో ఇంకకుండా ఆ సందుల వెంట నూతిలోకి చేరవచ్చు. ఆ వెనుక గోడ బయటివైపు మందు పోయించకుండా, కట్టెలు తీయించి, మట్టిని పునాది మట్టానికి దించి, కంటితో కనిపెట్టుకుని ఉండటమే నా సలహా. ముఖ్యంగా చెదలకు వాడే మరో మందు బైఫెంథ్రిన్ చేపలకు తీవ్రమైన విషం. నూతిలో చేపలను వదిలే అలవాటు ఇంకా ఉన్న ఊళ్ళు మనవి.

ఉలి బాడిత:

మాది మూడు తరాలుగా వడ్రంగం. పెద్దలు చెప్పింది నిజమే, బీరువాలోది చెద కాదు, పుచ్చు. చెద తిన్న చెక్కలో మట్టి ఉంటుంది, పొడి ఉండదు. పుచ్చు పట్టిన చెక్కలో మట్టి ఉండదు, మెత్తని పొడి రాలుతుంది. ఈ పురుగుకు నేలతో పని లేదు. చెక్క రంధ్రాల్లో గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు లోపలే ఉండి చెక్కలోని గంజి పదార్థాన్ని తిని పెరుగుతుంది, పెద్దదై బయటికి వచ్చేటప్పుడే మనకు ఆ రంధ్రం కనిపిస్తుంది. అంటే మీరు చూసిన రంధ్రాలు పురుగు లోపలికి వెళ్ళిన దారులు కావు, బయటపడిన దారులు. అది ముప్పై ఏళ్ళ కిందటి సంగతీ కావచ్చు. పొడి అంతా తుడిచి, అర మీద నల్ల కాగితం పరచి పది రోజులు వదిలేయండి. కొత్త పొడి పడకపోతే దాని గురించి మరచిపోండి.

టేకు అయితే పుచ్చు పట్టదని చాలామంది అనుకుంటారు. చేవకు, అంటే మాను నడుమ ఉండే గట్టి చెక్కకు, పట్టదు గాని, చేవ చుట్టూ ఉండే తెల్లని చెక్కకు టేకులో కూడా పడుతుంది. అరల అంచుల్లోనే రంధ్రాలు ఉన్నాయంటే, పలకలు కోసేటప్పుడు ఆ తెల్ల అంచును తీయకుండా వదిలేశారని అర్థం. ఆ అంచు అంగుళమో అంగుళమున్నరో ఉంటుంది. చిత్రిక పట్టి తీసేసి, కోసిన అంచుకు వార్నిషు వేయిస్తే, చెక్క రంధ్రాలు మూసుకుపోయి మళ్ళీ గుడ్డు పెట్టడానికి చోటుండదు. ఈ బీరువాను చూపించి ధర తగ్గించమని అడగకండి, మిగతా మాటకు కూడా విలువ పోతుంది.

నాకు ఎక్కువ అనుమానంగా ఉన్నది వంటింటి ద్వారబంధం. పాత ఇళ్ళలో నిలువు కమ్మీల కాళ్ళు గచ్చు కిందికి నేరుగా మట్టిలోకి దిగి ఉంటాయి. తారు పూసో, జీడినూనె పట్టించో పాతేవారు. ఆ పూత పోయాక చెదకు గొట్టం కట్టవలసిన అవసరం కూడా ఉండదు, చెక్క లోపలి నుంచే ఎక్కుతుంది. మూరెడు మేర కొత్త రంగు వేశారంటే ఏమి దాచాలనుకున్నారో తెలుస్తూనే ఉంది. అయినా ద్వారబంధం మొత్తం మార్చవద్దు. చెడిన మేర కోసేసి, అడుగున గ్రానైటు దిమ్మ పెట్టించి, పైన గట్టి చెక్కను అతికిస్తే సరిపోతుంది. ఆ నాణ్యమైన పాత టేకు ఇప్పుడు కొందామన్నా దొరకదు. ఇంకో మాట, మొన్న తొలకరికి ఆ గదుల్లో ఉసుళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదలు, లేచాయేమో పక్కింటివారిని అడిగి చూడండి. వీధి దీపం చుట్టూ ముసిరితే లెక్కలేదు గాని, తలుపులు మూసిన గది లోపల గోడ మూలన రెక్కలు కుప్పగా పడ్డాయంటే గూడు ఇంటి కిందనే ఉన్నట్టు.

కోర్టు మెట్లు:

న్యాయవాదిగా కొన్ని మాటలు చెబుతాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55(1)(ఎ) సెక్షను ప్రకారం, తనకు తెలిసి ఉండి, కొనేవారికి తెలియని, మామూలు జాగ్రత్తతో చూసినా వారికి దొరకని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. చాలామంది ఈ సెక్షను మొదటి సగాన్నే గుర్తు పెట్టుకుంటారు. మీరు గొట్టాన్ని చూశారు, దూలాన్ని పొడిచి చూశారు, ఇక్కడ ఇంత వివరంగా రాశారు కూడా. రేపు రిజిస్ట్రేషను అయ్యాక మోసపోయానని వెళితే, తెలిసే కొన్నారు కదా అన్నదే అవతలివారి మొదటి ప్రశ్న అవుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 19వ సెక్షనులోని మినహాయింపు కూడా, మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకోగలిగినవారికి ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు లేదనే అంటుంది. కాబట్టి మీకు రక్షణ చట్టంలో కంటే మీరు రాసుకునే అగ్రిమెంటులోనే ఎక్కువగా ఉంది.

నన్ను అడిగితే పని అమ్మేవారి చేత చేయించవద్దు. ఖర్చు వారిదైనప్పుడు అందరికంటే చవకగా చేసేవారిని పిలుస్తారు, గ్యారంటీ కాగితం వారి పేరు మీద వస్తుంది, రేపు ఆ కంపెనీని నిలదీసే హక్కు మీకు ఉండదు. ధరలోంచి తగ్గించుకుని, మీ పేరు మీద మీరే చేయించుకోండి. అగ్రిమెంటులో మాత్రం దూలం, ద్వారబంధం పరిస్థితిని ఫోటోలతో సహా అనుబంధంగా చేర్చి, దానిని ఇరుపక్షాలూ చూసి ఈ ధరకు ఒప్పుకున్నారని రాయించండి. రిజిస్ట్రేషనుకు ముందు ఒక తేదీన మీ తరఫు ఇంజనీరు ఇల్లు తెరిచి పరీక్షించవచ్చనీ, ఇప్పుడు చూసినవి కాక ఇంకే దూలానికైనా అలాంటి నష్టం బయటపడితే బయానా పూర్తిగా తిరిగి ఇవ్వాలనీ ఒక షరతు పెట్టండి. ఒప్పందానికీ స్వాధీనానికీ మధ్య కాలంలో ఆస్తిని జాగ్రత్తపరులైన యజమాని చూసుకున్నట్టు చూసుకోవలసిన బాధ్యత ఆస్తి బదిలీ చట్టం అదే 55వ సెక్షను కింద అమ్మేవారి మీద ఉంది గాని, తూము శుభ్రం చేయించాలన్న మాట విడిగా రాయించడమే మేలు. ధర తగ్గింది కదా అని స్టాంపు డ్యూటీ కూడా ఆ మేరకు తగ్గుతుందని అనుకోకండి. ప్రభుత్వం నిర్ణయించిన విలువ, మీరు రాసుకున్న ధర, ఈ రెంటిలో ఎక్కువదాని మీద కట్టవలసి ఉంటుంది.

గోదావరి గట్టు:

అందరికీ కృతజ్ఞతలు. ఐదు రోజుల తర్వాత నిన్న మళ్ళీ వెళ్ళి వచ్చాను. నేను తుంచిన అంగుళం మేరా పూడ్చేసి ఉంది. పాత గొట్టం ఎండి తెల్లబడిన మట్టి రంగులో ఉంటే, ఈ కొత్త అతుకు మాత్రం తడితో నల్లగా, పెన్సిలుతో నేను రాసిన తేదీ పక్కనే మచ్చలా కనిపిస్తోంది. గోటితో కదిపితే తెల్లని పురుగులు నాలుగైదు బయటపడి వెంటనే లోపలికి దూరిపోయాయి. పాత మిద్దెలు గారు చెప్పినట్టే ఆ మూలకు పైన తూము ఉంది. అందులో వేప ఆకులు కుళ్ళి, వాటిలో రావి మొక్క ఒకటి మొలిచి, దాని వేళ్ళు గచ్చులోకి దిగి ఉన్నాయి.

మా ఊరి మేస్త్రి చేత బిట్టుతో రంధ్రాలు వేయించాను. గోడ దగ్గరా, అక్కడి నుంచి అరడుగు, అడుగు దూరంలోనూ బిట్టు గుల్లలోకి దూకింది. అడుగున్నర దగ్గర నుంచి గట్టి చెక్కే, పొట్టు నుంచి టేకు వాసన గది అంతా వ్యాపించింది. మిగతా మూడు దూలాల చివరలూ గట్టిగానే ఉన్నాయి. ఉసుళ్ళ సంగతి పక్కింటి పెద్దమ్మగారిని అడిగితే, వంటింట్లో ఏటా చీపురుతో ఊడ్చి ఎత్తేవాళ్ళమని, అదేదో పండగ ముచ్చట చెప్పినట్టు చెప్పారు. ఆ మాట అమ్మేవారి తమ్ముడి ఎదుటే అన్నారు, ఆయన మొహం చూడాలి. జాకీ పెట్టడానికి వారు అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడు నాకు మిగిలిన సందేహం ఒక్కటే: దూలం మొత్తం మార్చాలా, చివర మాత్రం బాగుచేస్తే చాలునా?

పాత మిద్దెలు:

అడుగున్నరతో ఆగిందంటే మార్చవలసిన పని లేదు. దూలానికి రెండు వైపులా ఇనుప చానెళ్ళు పెట్టి, గట్టి చెక్క ఉన్న భాగంలో కనీసం నాలుగు అడుగుల మేర బోల్టులతో బిగించి, చెడిన చివరను కోసేసి, చానెళ్ళ చివరలు గోడలో కాంక్రీటు బెడ్ బ్లాకు (బరువును గోడకు పంచే దిమ్మ) మీద ఆనేలా చేస్తారు. చానెళ్ళ కొలతా బోల్టుల లెక్కా ఊహతో వేయకుండా, గది వెడల్పునూ దూలాల మధ్య దూరాన్నీ చూసి దగ్గరలోని స్ట్రక్చరల్ ఇంజనీరు చేత వేయించండి. ఆ గోడ రంధ్రంలో దూలం చుట్టూ సిమెంటుతో బిగించేయనివ్వకండి, గాలి ఆడేలా వేలు పట్టేంత సందు ఉంచాలి. పనుల వరుస కూడా ముఖ్యం: ముందు తూము, గచ్చు, ఆ తర్వాత నేలలో మందు, మందు వేసి ఒక నెల గొట్టాలను గమనించాక దూలం. రావి మొక్కను పీకితే గచ్చు పెళ్ళగిల్లుతుంది, మొదలు దాకా కోసి వేళ్ళను చంపించి అప్పుడు పూడ్చండి.

బ్రిస్బేన్ వాసి:

నేను కాకినాడ నుంచి వచ్చి ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాను. మూడేళ్ళ కిందట ఇక్కడ చెక్క ఇల్లు కొన్నప్పుడు ఇదే గొడవ పడ్డాను కాబట్టి రాస్తున్నాను. క్వీన్స్‌లాండ్‌లో ఇల్లు కొనే ఒప్పందంలోనే భవనం, చీడల తనిఖీ అనే షరతు ఉంటుంది. నిర్ణీత తేదీ లోపల కొనేవారు తమ ఖర్చుతో తనిఖీ చేయించుకుని, నివేదికలో పెద్ద లోపం వస్తే, సహేతుకంగా వ్యవహరించినంత వరకు ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. చీడల తనిఖీ ఎలా చేయాలో చెప్పే ఏఎస్ 4349.3 అనే ప్రమాణం కూడా ఉంది. ఇంతా చేసి మా నివేదికలో సగం పేజీలు ఇక్కడికి చేరుకోలేకపోయాము, అక్కడ సామాను అడ్డుగా ఉంది అన్న వాక్యాలే. చూడగలిగినదానికే వారు బాధ్యత వహిస్తారు. ఇంటి బీమా పాలసీలు కూడా సాధారణంగా చెదల నష్టాన్ని మినహాయిస్తాయి.

పాత క్వీన్స్‌లాండ్ ఇళ్ళు చెక్క గుంజల మీద నేలకు ఎత్తుగా నిలబడి ఉంటాయి. ప్రతి గుంజ తల మీద గొడుగులా వంచిన రేకు టోపీ ఒకటి పెడతారు. అది చెదలను ఆపుతుందని నేను అనుకునేవాడిని. తనిఖీకి వచ్చినాయన నవ్వి, అది ఆపదనీ, ఆ రేకు అంచును చుట్టి పైకి ఎక్కాలంటే గొట్టాన్ని మన కంటికి కనిపించేలా బయట కట్టక తప్పదు కాబట్టి పెడతారనీ చెప్పాడు. మీ వెనుక గోడకు కట్టెలు ఆనించకూడదని పై పెద్దలు అనడంలోని ఆంతర్యం అదేనని నాకు అనిపించింది. అన్నట్టు, ఇక్కడ ఏ మందు, ఏ తేదీన, ఎవరు వేశారో రాసిన చీటీని కరెంటు మీటరు పెట్టెలో అతికించి ఉంచుతారు. మీరు కూడా అలా చేస్తే, పదేళ్ళ తర్వాత మీ పిల్లలకు ఆ సమాచారం దొరుకుతుంది.

గోదావరి గట్టు:

చివరికి ఎలా తేలిందో చెప్పడం ధర్మం. మేస్త్రీ, వడ్రంగీ, మందు కంపెనీవారూ ఇచ్చిన మూడు అంచనాలను అమ్మేవారి ముందు పెట్టాము. బీరువా మాట ఎత్తలేదు. నల్ల కాగితం మీద పొడి కూడా పడలేదు. మొత్తం 2,10,000 రూపాయలు తేలితే, చాలా సేపు వాదించుకున్నాక 1,60,000 తగ్గించడానికి ఒప్పుకున్నారు. తూము వారే బాగుచేయించారు. ఫోటోల అనుబంధంతో, పరీక్ష షరతుతో అగ్రిమెంటు రాసుకుని నిన్న బయానా ఇచ్చాము. బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు దగ్గర వారు మొండికేశారు గాని, పక్కింటి పెద్దమ్మగారి ఉసుళ్ళ మాట గుర్తు చేసేసరికి సంతకం పెట్టారు.

మందు పనికి వేరే కంపెనీవారిని మాట్లాడాము. మొదటివారికి 55 లీటర్ల లెక్క చెప్పగానే, ఫోను అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత రేటు మూడింతలు అయింది. కొత్తవారు రెండు రోజుల పని అన్నారు, నుయ్యి ఎంత దూరంలో ఉందని మేము చెప్పకముందే వారే అడిగారు. వెనుక గోడ వెంట కట్టెలు తీయించాము. వాటిలో అడుగు వరుస కట్టెలను చేత్తో పట్టుకుంటే అట్టపెట్టెల్లా నలిగిపోయాయి. మీటరు పెట్టెలో చీటీ అతికించే బాధ్యత మా అమ్మగారు తీసుకున్నారు.